గీతకు ఇవతల నుంచి రావాలి



గోల్ఫ్ కొత్తగా పట్టుకున్నవాళ్లలో చాలామందికి ఒకటే బాధ. బంతిని నేరుగా చూసుకుని కొడతారు. అది కాసేపు బుద్ధిగానే పోతుంది. గాల్లోకి లేచాక మాత్రం కుడి పక్కకు మళ్లి, ఇంకా మళ్లి, ఎక్కడో తుప్పల్లో పడుతుంది. దీన్ని స్లైస్ అంటారు. అందరికీ తోచే మందు కూడా ఒకటే: కుడికి పోతోంది కదా, ఇంకాస్త ఎడమకు గురిపెడదాం అని. అలా గురిపెట్టిన రోజు నుంచి జబ్బు ముదురుతుంది. ఎందుకు ముదురుతుందో, దాన్ని ఉపదేశాలతో కాకుండా ఒక ఖాళీ నీళ్ల సీసాతో ఎలా తగ్గించుకోవచ్చో ఈ పూట చెప్తాను.

నాలాంటి ఖానాపూర్ మనిషికి గోల్ఫ్‌తో ఏం పని అని మీలో కొందరు నవ్వుకుంటూ ఉంటారు. నవ్వండి, తప్పులేదు. సదర్మాట్ ఆనకట్ట నుంచి కడెం ప్రాజెక్టు దాకా వెతికినా ఇక్కడ ఒక్క గోల్ఫ్ మైదానం కనిపించదు. ఆడాలంటే రెండు వందల కిలోమీటర్లు దాటి హైదరాబాద్ పోవాలి. అక్కడ గోల్కొండలో, మొగలుల దాడి తర్వాత అబ్దుల్లా కుతుబ్ షా కట్టించిన నయా ఖిలాలో ఒక మైదానం ఉంది. హతియాన్ ఝాడ్ అని పిలిచే పాత బావోబాబ్ చెట్టు ఉన్నదీ ఆ నయా ఖిలాలోనే. చరిత్ర ఉన్న కోటలో గడ్డి పెంచి బంతులు కొట్టడం సబబేనా అని వాదించేవాళ్లున్నారు. నా మనసు కూడా కొంత వాళ్ల వైపే. గచ్చిబౌలి బండరాళ్ల మధ్య బౌల్డర్ హిల్స్ అని ఇంకొకటి ఉంది. ఇలాంటి చోట్ల సభ్యత్వం మన జీతాలకు అందేది కాదు.

అయినా ఆట మన ఇళ్లలోకి వచ్చేసింది. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ పతకం అంచుదాకా వచ్చి నాలుగో స్థానంలో ఆగిపోయిన పొద్దున, అప్పటిదాకా గోల్ఫ్ ముఖం చూడనివాళ్లు కూడా టీవీ ముందు కూర్చున్నారు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన దంపతుల కొడుకు సాహిత్ తీగల 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని నాపాలో పీజీఏ టూర్ పోటీ గెలిచాడు. విశాఖపట్నంలో పుట్టి చిన్నతనంలోనే కెనడా చేరిన సుదర్శన్ యెల్లమరాజు యూట్యూబ్ చూసి స్వింగ్, అంటే బంతిని కొట్టే ఊపు, నేర్చుకున్నాడు. 2025 జనవరిలో బహామాస్‌లో కార్న్ ఫెర్రీ టూర్ పోటీ గెలిచాడు. ఇక మన జిల్లాల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు సరేసరి. దుబాయ్ ఎడారిలో గడ్డి పరిచి 1988లో తెరిచిన ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ పచ్చదనం బస్సు కిటికీలోంచి చూసినవాళ్లు మన పల్లెల్లో తక్కువేమీ ఉండరు.

నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. మా బడి మైదానంలోకి గోల్ఫ్ క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర, వచ్చింది కూడా దుబాయ్ దారినే. ఒక పిల్లవాడి మేనమామ సెలవు మీద వస్తూ ఎవరో వదిలేసిన ఏడో నంబరు ఐరన్ అనే క్లబ్‌ను పెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. దాంతో ప్లాస్టిక్ బంతిని కొట్టీ కొట్టీ విసిగిపోయిన ఆ పిల్లవాడు నా దగ్గరికొచ్చి అన్న మాట ఇది: "సార్, బంతి కుడిదిక్కు పోతున్నదని నేను ఎడమదిక్కు మర్రి నిలవడ్డ. ఇంకింత వంకర పోతున్నది." సమస్యను ఇంత సూటిగా చెప్పిన పెద్దవాణ్ని నేను చూడలేదు.

రేడియోలో బొమ్మ గీసి చూపలేను కాబట్టి మీరే ఒక పని చేయండి. కబడ్డీ కోర్టు గీసే సున్నం పిడికెడు తీసుకుని నేల మీద బారెడు పొడవు గీత గీయండి. గీత మధ్యలో బంతి. గీత ఎడమ కొస లక్ష్యం వైపు చూస్తోంది. మీరు బంతికి ఎదురుగా, భుజాలు గీతకు సమాంతరంగా ఉండేట్టు నిలబడ్డారు. మీ కాళ్లున్న వైపు గీతకు ఇవతల. ఆ పక్కది అవతల. కుడి, ఎడమ అన్నప్పుడల్లా లక్ష్యం వైపు ముఖం తిప్పి చూస్తే కనిపించే కుడి, ఎడమ అనుకోండి. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు అన్నిటినీ తిరగేసుకోవాలి. వాళ్లకు ఈ శ్రమ ఎలాగూ అలవాటే.

మనిషి బంతికి పక్కన నిలబడి కొడతాడు కాబట్టి క్లబ్ తల గీత మీద తిన్నగా నడవదు. అది గీతకు ఇవతలగా దిగి వచ్చి, బంతి దగ్గర గీతను తాకి, మళ్లీ ఇవతలికే పోతుంది. ఇది సహజమైన దారి. స్లైస్ కొట్టేవాడి క్లబ్ అలా రాదు. అవతల నుంచి దిగి, బంతిని అడ్డంగా కోసి, ఎడమకు లాక్కుపోతుంది.

బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు అని నియమం. ఇంత చిన్న వస్తువు క్లబ్‌ను అంటిపెట్టుకుని ఉండేది సెకనులో దాదాపు రెండువేల వంతు కాలం. ఆ కాస్తలోనే దాని జాతకం రాసి అయిపోతుంది. రాసేవి రెండు: క్లబ్ ముఖం ఎటు చూస్తోంది, క్లబ్ తల ఏ దారిలో కదులుతోంది. బంతి బయలుదేరే దిక్కు చాలావరకు ముఖం చేతిలో ఉంటుంది. పెద్ద క్లబ్ డ్రైవర్‌తో దాదాపు 85 శాతం, ఐరన్లతో దాదాపు 75 శాతం. గాల్లోకి లేచాక వచ్చే వంపు మాత్రం ముఖానికీ దారికీ మధ్య ఉన్న తేడా నుంచి పుడుతుంది. దారికన్నా ముఖం కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి వంగుతుంది. ఎడమకు మూసుకుని ఉంటే ఎడమకు.

చాలాకాలం శిక్షకులు దీన్ని తలకిందులుగా చెప్పారు. బంతి బయలుదేరేది దారి వెంట, వంగేది ముఖం చూసే వైపు అనేవారు. అలిస్టర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ అనే ఇద్దరు బ్రిటన్‌లో జరిగిన ప్రయోగాల ఆధారంగా 1968లోనే ఒక పుస్తకం వేసి అసలు సంగతి వివరించారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. డెన్మార్క్‌కు చెందిన ట్రాక్‌మ్యాన్ కంపెనీ రాడార్ యంత్రాలు ఈ శతాబ్దం మొదట్లో మైదానాల్లోకి వచ్చి అంకెలు చూపించాక గానీ నమ్మలేదు. పుస్తకం చెప్తే వినని మనుషులు యంత్రం చెప్తే వింటారు.

ఇప్పుడు మా పిల్లవాడి సంగతికి వద్దాం. వాడు ఎడమకు మళ్లి నిలబడ్డాడు. భుజాలు ఎడమకు మళ్లితే స్వింగ్ దారి ఇంకా ఎడమకు మళ్లుతుంది. కన్ను మాత్రం లక్ష్యాన్ని వదలదు కాబట్టి చేతులు క్లబ్ ముఖాన్ని లక్ష్యం వైపే ఉంచుతాయి. దారి ఎడమకు, ముఖం లక్ష్యానికి. రెండింటి మధ్య సందు పెరిగింది. వంపు పెరిగింది. వాడు అన్నది అక్షరాలా నిజం.

ఇక్కడ ఇంకో గమ్మత్తు ఉంది. ఈ జబ్బున్నవాడు తొమ్మిదో నంబరు ఐరన్ లాంటి పొట్టి క్లబ్‌తో కొడితే బంతి కుడికి వంగకపోగా తిన్నగా ఎడమకు పోతుంది. "నా ఐరన్లు ఎడమకు పోతాయి, డ్రైవర్ కుడికి పోతుంది, రెండు జబ్బులున్నాయి" అని బెంబేలు పడతాడు. రెండు కాదు, ఒకటే. పొట్టి క్లబ్ ముఖం బాగా వెనక్కి వాలి ఉంటుంది. అది బంతిని ఎక్కువగా వెనక్కి తిప్పుతుంది, పక్కవంపు తేలదు. డ్రైవర్ ముఖం దాదాపు నిటారుగా ఉంటుంది కాబట్టి చిన్న తేడా కూడా పెద్ద వంపుగా బయటపడుతుంది. అవతల నుంచి వచ్చే దారి రెంటిలోనూ అదే.

మరి క్లబ్ అవతలికి ఎందుకు పోతుంది? బలంగా కొట్టాలన్న ఆత్రం వల్ల. క్లబ్ పైకి వెళ్లాక కిందికి దిగడం మొదలయ్యేది కాళ్లు, నడుము దగ్గర. చేతులు ఆ తర్వాత రావాలి. మనకు మాత్రం బలమంతా కుడి భుజంలో ఉన్నట్టు అనిపిస్తుంది. అది ముందుగా దూకుతుంది. భుజం దూకగానే చేతులు గీతకు అవతలికి తోసుకుపోతాయి. అక్కణ్నుంచి బంతిని అందుకోవాలంటే అడ్డంగా కోయడం తప్ప దారిలేదు. టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడి పెరిగిన మన కుర్రవాళ్లకు ఈ అలవాటు మరీ గట్టిది. ప్రతి బంతినీ మిడ్‌వికెట్ మీదుగా ఊడ్చి కొట్టిన చేతులవి. చిర్రగోనెలో కూడా అంతే, ఎటు పోయినా దూరం పోతే చాలు. గోల్ఫ్‌లో దూరంతో పాటు దిక్కు కూడా లెక్కలోకి వస్తుంది, తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

క్లబ్ పైనుంచి బంతిదాకా దిగడానికి మంచి ఆటగాడికి పట్టే సమయం సెకనులో నాలుగో వంతు. మనిషి ఏదైనా గమనించి చేయి మార్చుకోవడానికి అయిదో వంతు పడుతుంది. అంటే "అయ్యో, అవతల నుంచి వస్తోంది" అని మీకు తెలిసేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది. అందుకే "మోచెయ్యి దగ్గర పెట్టు, భుజం ఆపు, నడుము తిప్పు" అని పక్కన నిలబడి అరవడం దండగ. వినేవాడు వింటాడు, ఒళ్లు వినదు.

1999లో గాబ్రియెల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు, మరో ఇద్దరు కలిసి గోల్ఫ్ ఎన్నడూ ఆడనివాళ్లను రెండు గుంపులు చేసి నేర్పారు. ఒక గుంపుకు మీ చేతులు ఎలా ఊగుతున్నాయో చూసుకోండి అన్నారు. రెండో గుంపుకు క్లబ్ ఎలా ఊగుతోందో చూసుకోండి అన్నారు. క్లబ్ మీద మనసు పెట్టినవాళ్ల గురి బాగా కుదిరింది; మర్నాడు ఏ సూచనలూ లేకుండా పరీక్షించినా వాళ్లదే పైచేయి. నాకు ఇందులో ఆశ్చర్యం ఏమీ కనిపించలేదు. పిల్లలకు ఆటలు నేర్పే ఏ ఉపాధ్యాయుడికైనా తెలిసిన సంగతే: ఒంటికి ఆజ్ఞలు ఇవ్వకు, దాని ముందు ఒక అడ్డం పెట్టు, దారి అదే వెతుక్కుంటుంది.

అందుకే సీసా. కానీ సీసా కంటే ముందు రెండు పరీక్షలు చేసుకోవాలి, లేదంటే లేని జబ్బుకు మందు తిన్నట్టవుతుంది.

మొదటిది పట్టు. క్లబ్ పట్టుకుని కిందికి చూడండి. ఎడమ చేతి వేళ్ల కణుపులు రెండో, రెండున్నరో కనబడాలి. ఒకటే కనబడితే ఆ చేయి బాగా ఎడమకు తిరిగిపోయింది. అలాంటి పట్టుతో దారి ఎంత చక్కగా ఉన్నా ముఖం తెరుచుకునే వస్తుంది. చేతిని కొంచెం కుడికి తిప్పుకుని పట్టుకోండి. రెండోది బంతి ఉన్న చోటు. డ్రైవర్‌కు బంతి ఎడమ మడమకు ఎదురుగా ఉండాలి. అంతకంటే ముందుకు పోతే దాన్ని అందుకోవడానికి భుజాలు నిలబడినప్పుడే ఎడమకు తెరుచుకుంటాయి. సగం స్లైస్ అక్కడే పుడుతుంది. బంతి కుడికి వంగినా బయలుదేరేది తిన్నగానో కుడికో అయితే ముందు పట్టు చూసుకోండి. ఎడమకు బయలుదేరి కుడికి వంగుతుంటే దారి చెడినట్టే.

దారి చెడిందని తేలాక ఖాళీ ప్లాస్టిక్ నీళ్ల సీసా తీసుకోండి. మూత పెట్టి, గీతకు బెత్తెడు అవతల, బంతికి జానెడు వెనక, అంటే లక్ష్యానికి దూరంగా ఉన్న వైపు పడుకోబెట్టండి. క్లబ్ అవతల నుంచి దిగితే మొదట తగిలేది సీసాకే. తగిలితే చప్పుడు చేస్తుంది, నొప్పి పెట్టదు. మొదట బంతి లేకుండా, సగం స్వింగ్‌తో, సీసా తగలకుండా గీతను తాకడం సాధించండి. ఆ తర్వాతే బంతి. మొదటి రోజు సీసా ఎగురుతూనే ఉంటుంది. ఎగరనివ్వండి. ఎగిరిన ప్రతిసారీ ఏం తప్పు చేశానని ఆలోచించకండి. మళ్లీ పెట్టి మళ్లీ కొట్టండి. సీసా తగలని దెబ్బ ఒకటి పడ్డప్పుడు చేతుల్లో ఒక కొత్త స్పర్శ తెలుస్తుంది. దాన్ని మాటల్లో పెట్టుకోవాల్సిన పనిలేదు. కొందరు ఇటుక పెడతారు. దయచేసి ఆ పని చేయకండి. మణికట్టు పోతుంది, ఇటుక ముక్క కంటికి తగులుతుంది.

సీసాతో సగం స్వింగ్ కుదిరి, పూర్తి స్వింగ్‌లో మళ్లీ ఎగురుతుంటే ఆత్రం ఇంకా పోలేదని అర్థం. అప్పుడు మూడు మెట్ల దెబ్బ కొట్టాలి. క్లబ్‌ను పూర్తిగా పైకి తీసుకెళ్లండి. వీపు లక్ష్యం వైపు ఉంటుంది. వీపును అలాగే ఉంచి చేతులను మాత్రం నడుము ఎత్తు దాకా దించండి. మళ్లీ పైకి. మళ్లీ నడుము దాకా. మూడోసారి పైకి వెళ్లి, దిగి, ఆగకుండా బంతిని కొట్టేయండి. భుజం తిరగకముందే చేతులు దిగడం అంటే ఏమిటో ఒంటికి తెలిసే పద్ధతి ఇది. దీని మీద నాకు సీసా మీదున్నంత నమ్మకం ఉంది, కానీ ఓపిక కావాలి. పిల్లలు రెండో రోజుకు విసుగెత్తిపోతారు.

విసుగెత్తిన పిల్లల్ని నేను చెరువు గట్టుకు తీసుకెళ్తాను. చిల్లపెంకు నీటి మీద గంతులేసేలా విసరమంటాను. పక్కకు వంగి, మోచేయి నడుము పక్కనుంచి ముందుకు వస్తూ, మణికట్టు ఆఖరున విడిచే ఆ విసురులో కుడి చేయి తిరిగే దారీ స్వింగ్‌లో తిరగాల్సిన దారీ దాదాపు ఒకటే. పైనుంచి విసిరితే పెంకు బుడుంగున మునుగుతుంది. నీళ్లే చెప్తాయి, సార్ చెప్పక్కర్లేదు. పది పెంకులు విసిరి వచ్చి క్లబ్ పట్టుకుంటే కొందరికి ఆ రోజే తేడా కనిపిస్తుంది. కడెం కాలువ పక్కన ఉన్నవాళ్లు నీళ్లు జోరుగా ఉన్నప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోకండి.

కుడి కాలిని అడుగు దూరం వెనక్కి తీసి నిలబడి కొట్టడం ఇంకో పద్ధతి. భుజాలు కాస్త కుడికి మళ్లి, క్లబ్ ఇవతల నుంచి రావడానికి చోటు దొరుకుతుంది. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి కొట్టడం మరొకటి. భుజం దూకితే తూలి పడతారు, అంతే దాని కిటుకు. క్లబ్‌ను నడుము ఎత్తులో నేలకు సమాంతరంగా ఊపడం మొదలుపెట్టి, ఊపుకు ఊపుకు కొంచెం కొంచెం కిందికి దించుతూ బంతిదాకా తీసుకురావడం కూడా మంచిదే, ముఖ్యంగా గొడ్డలితో నరికినట్టు నిలువునా దింపేవాళ్లకు. వీటన్నిటినీ ఒకే పూట చేయబోయి గందరగోళపడేవాళ్లను చాలామందిని చూశాను. మీకు పడినది ఒకటి పట్టుకోండి, సీసాను తోడు ఉంచుకోండి.

మీ దారి ఎటు పోతోందో కనుక్కోవడానికి ఖరీదైన రాడార్లు అక్కర్లేదు. గడ్డి మైదానంలో ఐరన్‌తో కొడితే బంతి ముందు గడ్డి పెళ్ల లేస్తుంది. ఆ గుంత ఎటు చూస్తుంటే దారి అటు. మన దగ్గర అలాంటి గడ్డి లేదు కాబట్టి సున్నం గీత మీద దోసెడు ఇసుక పలచగా పరచండి. బంతి లేకుండా ఇసుకను తాకుతూ ఊపండి. ఇసుకలో పడే గీరు సున్నం గీతకు ఇవతలికి, ఎడమకు తిరిగి ఉంటే జబ్బు ఇంకా ఉంది. గీత వెంటే సాగితే తగ్గింది. ఎండిన నల్లరేగడి మీద, బండబారిన మైదానం మీద ఐరన్ బలంగా దించకండి. మోచేయి దాకా జిల్లుమంటుంది, తర్వాత ఆ నొప్పికి భయపడి ఒళ్లు ఇంకో కొత్త తప్పు నేర్చుకుంటుంది.

ఇంత చెప్పాక ఒక మాట అనకపోతే అన్యాయం. స్వింగ్ అంతా ఒకే అచ్చులో పోయాలనేవాళ్ల మీద నాకు గురి లేదు. అమెరికా ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ క్లబ్‌ను పైకి తీసుకెళ్లే తీరు చూస్తే ఏ శిక్షకుడైనా తల పట్టుకుంటాడు. అవతలికి ఎత్తి, పైన ఒక సుడి తిప్పి, కిందికి మాత్రం ఇవతల నుంచే దించుతాడు. ఆ స్వింగ్‌తోనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండ్‌ను 58 దెబ్బల్లో ముగించాడు. పీజీఏ టూర్‌లో అంతకు ముందు ఎవరూ అంత తక్కువలో ముగించలేదు. లెక్కలోకి వచ్చేది దిగే దారి. ఎక్కే దారి గురించి మన దగ్గర వీడియోలు చూసేవాళ్లు పడే బాధలో సగం అనవసరం.

సాహిత్ తీగల సంగతే తీసుకోండి. అతనికి వెన్నెముక ఒక పక్కకు ఒంగి ఉండే స్కోలియోసిస్ ఉంది. ఈ సంగతి అతనే చెప్పుకున్నాడు. పుస్తకంలో బొమ్మలా తిరగమంటే ఆ ఒళ్లు తిరగదు. తన ఒంటికి కుదిరిన దారి పట్టుకుని, బంతిని అటూ ఇటూ వంచి కొట్టడమే తన ఆటగా చేసుకున్నాడు. స్వింగ్ ఎంత సున్నితంగా తెలుస్తుందో చెప్పడానికి అతనిదే ఒక ఉదంతం ఉంది. 2024 ఆగస్టు చివర అట్లాంటాలో టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్. ఇసుక గుంతలోంచి కొట్టబోతూ క్లబ్ వెనక్కి తీసినప్పుడు అది ఇసుకను కాస్త తాకిందని అతనికి అనిపించింది. అలా తాకకూడదని నియమం. చూసినవాళ్లు లేరు. తనే చెప్పి రెండు దెబ్బల జరిమానా వేయించుకున్నాడు. ఆ పోటీలో మూడో స్థానంలో నిలిచాడు. నిజాయితీ గురించి అందరూ రాశారు, రాయాల్సిందే. నాకు మాత్రం క్లబ్ కొసకు ఇసుక రేణువులు తగలడం చేతికి తెలియడం అంతకంటే విడ్డూరంగా అనిపించింది. సీసా, ఇసుక, చిల్లపెంకు అన్నీ పెంచేది ఆ ఎరుకనే.

సీసా వైద్యం ఎక్కువైనా ప్రమాదమే. కొన్ని వారాల తర్వాత బంతి కుడికి వంగడం మాని, ఎడమకు గిర్రున తిరిగి పడడం మొదలుపెడుతుంది. అది హుక్. క్లబ్ ఇప్పుడు మరీ ఇవతల నుంచి వచ్చి అవతలికి పోతోందన్నమాట. బెన్ హోగన్ అంతటివాడు తన ఆట తొలి రోజుల్లో ఈ హుక్‌తో అల్లాడి, పట్టు మార్చుకుని, బంతిని కొద్దిగా కుడికి వంచడం నేర్చుకున్నాకే 1946 నుంచి 1953 మధ్య తొమ్మిది పెద్ద టైటిళ్లు గెలిచాడు. కాబట్టి స్లైస్ పోయి హుక్ వచ్చిందని దిగులుపడకండి. నిజానికి అది మందు పనిచేసిందనడానికి గుర్తు. సీసాను గీత దాటించి ఇవతల పెట్టండి. బంతికి జానెడు వెనకే, బెత్తెడు ఇవతల. కుడి కాలిని వెనక్కి తీసే అలవాటు చేసుకున్నవాళ్లు దాన్ని మానేయండి. దెబ్బ పడ్డాక పొట్ట లక్ష్యం వైపు తిరిగి ఆగేలా చూసుకోండి. హుక్ కొట్టేవాళ్లలో ఎక్కువమందికి ఒళ్లు మధ్యలో ఆగిపోయి చేతులు ఒంటరిగా తిరుగుతాయి.

సాధన ఎలా పంచుకోవాలన్నది చివరి సంగతి. సీసా పెట్టుకుని యాభై బంతులు వరసగా కొట్టినవాడికి సీసా ఉన్నప్పుడే మంచి స్వింగ్ వస్తుంది, తీసేయగానే పాతది తిరిగొస్తుంది. అందుకే మొదటి వారం తర్వాత సీసాతో రెండు, సీసా లేకుండా ఒకటి కొట్టండి. ఆ తర్వాత సీసాతో ఒకటి, లేకుండా రెండు. సీసా లేని దెబ్బకు ప్రతిసారీ లక్ష్యం మార్చండి: ఒకసారి వేపచెట్టు, ఒకసారి కరెంటు స్తంభం. నిలబడిన చోటు నుంచి పక్కకు జరిగి, మళ్లీ కొత్తగా నిలబడి కొట్టండి. మైదానంలో ఎవరూ ఒకే చోట నిలబడి ఒకే దెబ్బ యాభై సార్లు కొట్టరు కదా.

చోటు గురించి బెంగ వద్దు. యాసంగి వరి కోశాక వానలు పడేదాకా మడులు ఖాళీగానే ఉంటాయి. రైతును అడిగి, ఎండ ఎక్కకముందు పోండి. చిల్లులున్న ప్లాస్టిక్ బంతులు వాడండి. అవి అయిదారు ఇళ్ల దూరం దాటవు, వంపు మాత్రం చూపిస్తాయి. అసలు బంతి కొత్తవాడు కొట్టినా వంద మీటర్లు పోతుంది. బండి మీద వచ్చేవాడికో, మేకలు కాసే పిల్లకో తగిలితే ఆట అక్కడితో ఆగుతుంది. కొట్టేటప్పుడు మీ వెనక, పక్కన నాలుగు బారల దూరంలో ఎవరూ లేకుండా చూసుకోండి. చిన్నపిల్లలు బంతి ఏరడానికి పరిగెత్తుకొస్తారు. ముందుగా అందరూ కొట్టడం ఆపాకే ఏరనివ్వండి. సీసా మరిచిపోతే తువ్వాల మడిచి పెట్టుకున్నా సరిపోతుంది.